బంకమన్ను వాలు

సంస్థ అతిథి గృహం, పై అంతస్తు
వేసవి మొదట్లో

వదినకు,

నీ మరదలు క్షేమంగా చేరింది. చేరిన పూటే మీ ఆయనతో పోట్లాట కూడా అయిపోయింది కనుక ప్రయాణం పూర్తయినట్టే.

పోట్లాట దేనికంటే, నేను అన్నయ్య ఇంట్లో దిగకుండా అతిథి గృహంలో గది తీసుకున్నాను. "అంత ఇల్లు పెట్టుకుని సొంత చెల్లెల్ని లాడ్జీలో పెట్టినట్టు పెడితే నలుగురూ ఏమనుకుంటారే?" అన్నాడు. "ఈ ఆవరణకి ఎస్టేట్ ఆఫీసరువి నువ్వు. దీని కింద నీళ్ళెంత చెడిపోయాయో చూడ్డానికొచ్చినదాన్ని నేను. నీ ఇంట్లో తిని నీ నీళ్ళు బాగున్నాయని రాస్తే, అప్పుడేమనుకుంటారు?" అన్నాను. మూతి ముడుచుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఒక దుప్పటీ, టేబుల్ ఫ్యానూ పంపించాడు.

నీకు కొండమీద ఫోను అందదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. ఇక్కడ కొలత పరికరాలు చేస్తారు కదా. ఇనప భాగాలకున్న జిడ్డు వదలగొట్టడానికి ఏళ్ళ తరబడి ఒక సాల్వెంటు వాడారు. చూడ్డానికి నీళ్ళలాగే ఉంటుంది, తియ్యటి వాసన. వాడేశాక వర్క్‌షాపు వెనక గుంటలో ఒంపేసేవారట. ఆ రోజుల్లో ఎక్కడైనా అంతే. దాన్ని మానేసి కూడా చాలా కాలమైంది. కిందటేడు క్వార్టర్స్ బోరునీళ్ళు మామూలుగా పరీక్షకు పంపితే అందులో అది కనిపించింది. బోరు మూసేశారు. ట్యాంకర్లతో నీళ్ళు తెస్తున్నారు. ఆ సాల్వెంటు నేలలో ఎక్కడ దాక్కుందో, ఎంత దూరం పాకిందో కనుక్కుని తియ్యడం మా కంపెనీకి అప్పగించారు. అంటే నాకు.

దీనితో చిక్కు ఒక్కటే. నూనె నీళ్ళమీద తేలుతుంది, ఇది మునుగుతుంది. ఇసుకలోంచి దిగి దిగి, బంకమన్ను పొర తగిలినచోట ఆగి కూర్చుంటుంది. అక్కడినుంచి కొద్దికొద్దిగా నీళ్ళలో కరుగుతూనే ఉంటుంది, ఏళ్ళూ పూళ్ళూ.

రేపటినుంచి బోర్లు వేయిస్తున్నాను. అన్నయ్య కొంచెం చిక్కాడు. నీ గురించి అడిగితే "బాగానే ఉందిట" అన్నాడు.

నీ మరదలు


కొండమీది వాతావరణ కేంద్రం
మబ్బులోంచి

అమ్మాయ్,

వారానికొకసారి వచ్చే జీపులో నీ ఉత్తరం, రెండు బస్తాల బొగ్గు, ఒక కొత్త థర్మామీటరు వచ్చాయి. మొదట నీ ఉత్తరమే విప్పాను. మా అసిస్టెంటు అలిగాడు, థర్మామీటరు తన ముద్దుబిడ్డ.

అతిథి గృహంలో దిగి మంచి పని చేశావు. మీ అన్నయ్య కోపం దుప్పటి పంపేంతవరకే. అది నాకు తెలియనిదా?

చిక్కాడన్నావు. వంటమనిషి మానేసిందా, ఈయనే మానిపించాడా? నాకు నెలకో ఉత్తరం రాస్తాడు. ఎండలు ముదిరాయనీ, సాయంత్రం గాలి తిరిగిందనీ. వాతావరణం చెప్పే ఉద్యోగం నాదైతే, నాకే వాతావరణం చెబుతాడు!

నా సంగతికేముంది. పొద్దున్నే బెలూను వదలడం, వాన కొలవడం, గాలి రాయడం. మరో ఏడాది ఇక్కడే ఉండాలని ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. ఏం చేస్తాం, ఉద్యోగం. మీ అన్నయ్యకు చెప్పాను. "సరే" అని రాశాడు.

నీ బోర్ల కథ రాస్తూ ఉండు. నేను పైన చూసేదాన్ని, నువ్వు కింద చూసేదానివి. మన ఇద్దరి మధ్యా ఉన్నదంతా మీ అన్నయ్య ఎస్టేటు.

వదిన


సంస్థ ఆవరణ, డ్రిల్లింగ్ షెడ్డు
ఎండలు ముదిరాక

వదినా,

చేతికి మట్టి ఉంది, కాగితం మరకలైతే ఏమనుకోకు.

వర్క్‌షాపు చుట్టూ వేసిన బోర్లలో అనుకున్నంత ఏమీ దొరకలేదు. గుంట ఉన్నచోట వాసన ఉంది, అంతే. అన్నయ్య ముఖం వికసించింది. "చూశావా, అంతా కొట్టుకుపోయింది. అనవసరంగా హడావుడి" అన్నాడు. అక్కడ లేదంటే మరోచోట ఉందనే లెక్క, ఆ మాట ఆయనకు అప్పుడే చెప్పలేదు.

నేల కింద నీళ్ళు ఇక్కడ పడమటికి, అంటే క్వార్టర్స్ వైపుకి నడుస్తాయి. అందరూ అటువైపే చూస్తున్నారు. కానీ బోరులోంచి తీసిన మట్టి కడ్డీల్ని వరసగా పేర్చి చూస్తే, బంకమన్ను పొర తూర్పుకి వాలి ఉంది. నీళ్ళు ఒకవైపు పోతాయి సరే, బరువైన ఆ సాల్వెంటుకి నీళ్ళతో పనిలేదు. వాలు ఎటుంటే అటు జారుతుంది. తూర్పువైపు కూడా నాలుగు బోర్లు వేయిస్తున్నాను.

తూర్పున ఉన్నది క్రెష్ ఒక్కటే, ఉద్యోగానికి పోయే తల్లులు పిల్లల్ని దింపి వెళ్ళేది. నువ్వు చూసి చాలాకాలమై ఉంటుంది. పచ్చరంగు తలుపులు, మోకాలెత్తు కుళాయిలు, గోడకు వరసగా సంచులు. మధ్యాహ్నం అందరూ చాపలమీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతుంటే, ఆయా మధ్యలో కూర్చుని ఇద్దరికి ఒకేసారి జోకొడుతుంది. గట్టి మనిషి, నవ్వితే గదంతా నవ్వినట్టుంటుంది. మొన్న నీళ్ళకని వెళితే చెవిలో చెప్పింది, తనకు మూడో నెలట. ఎవరికీ చెప్పవద్దంది. ఆ "ఎవరికీ"లో నువ్వు రావు కనుక చెబుతున్నాను.

అన్నయ్య రోజూ భోజనం తరవాత అక్కడికి వెళతాడు. పైకప్పు కారుతోందేమో చూడ్డానికట. వానే లేదు. పిల్లలు ఆయన కాళ్ళెక్కి, జేబులో పెన్నులు లాగేసి, ఇస్త్రీ చొక్కాకి చేతులు తుడుచుకుంటారు. నన్ను చూడగానే గొంతు సవరించుకుని "ఆ, గోడలు బాగానే ఉన్నాయి" అంటాడు.

సాయంత్రం మట్టి నమూనాలు పంపాలి. ఉంటాను.

మరదలు


వాతావరణ కేంద్రం
గాలి ఎక్కువగా ఉన్న రోజు

అమ్మాయ్,

ఆ క్రెష్ ఎలా వచ్చిందో నీకు తెలియదు. అంతకుముందు పరికరాల విభాగంలో ఒకావిడ పసిబిడ్డను బల్లకింద అట్టపెట్టెలో పడుకోబెట్టుకుని పనిచేసేది. మీ అన్నయ్య ఏదో తనిఖీకి వెళ్ళి చూసుకోక ఆ పెట్టెకి కాలు తగిలించాడు. బిడ్డ లేచి ఏడ్చింది. ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చి అన్నం తినలేదు. అప్పటినుంచీ డైరెక్టరు వెంటపడ్డాడు. ఖర్చన్నారు, స్థలం లేదన్నారు, ఇది కార్యాలయమా పిల్లల బడా అన్నారు. క్వార్టర్స్ కంటే పైన ఉంది, మురుగు రాదు, గాలి వస్తుందని తూర్పు స్థలం తనే వెతికి కట్టించాడు. ఆయన పేరుమీద చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదే.

ఒకమాట అడుగుతాను. బోర్ల గురించి రాసే ఉత్తరంలో సగం కాగితం క్రెష్ గురించి ఎందుకు రాశావు? మబ్బు ఎక్కడ దట్టంగా ఉందో చూసి వాన చెప్పే మనిషిని నేను. నా దగ్గర దాచకు.

వదిన


సంస్థ అతిథి గృహం
తొలకరి పడినాక

వదినా,

దాచాను. ఖాయంగా తెలియకుండా రాయకూడదనుకున్నాను. ఇప్పుడు తెలిసింది.

అది క్రెష్ కిందే ఉంది. వర్క్‌షాపు గుంటలోంచి దిగి, బంకమన్ను వాలుమీదుగా జారి, అక్కడ మన్ను గిన్నెలా గుంటపడి ఉంటే అందులో చేరింది. అంత లోతుగా కూడా లేదు. ఆవిరై ఇసుకలోంచి పైకొస్తోంది. గచ్చుకి చిన్న రంధ్రం చేసి కింద గాలి, గదిలో గాలి విడివిడిగా స్టీలు డబ్బాల్లో పట్టి ల్యాబుకు పంపాను. గచ్చు కింద విపరీతంగా ఉంది. గదిలో తక్కువే, కానీ ఉండకూడనంత ఉంది. వాసన తెలియదు, కళ్ళు మండవు. రోజల్లా, ఏళ్ళ తరబడి పీలిస్తే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. గర్భిణులైతే తొలి నెలల్లో మరీ జాగ్రత్తగా ఉండాలంటారు. బిడ్డ గుండె తయారయ్యే కాలం అది.

ఫలితం పట్టుకుని తిన్నగా అన్నయ్య గదికి వెళ్ళాను. చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఒక్కసారి చూసినదానికే నమ్మేస్తావా? ల్యాబువాళ్ళు పొరబడరా?"

"పొరబడతారు."

"మరింకేం, ఇంకోసారి చూడు. అదీ ఇలాగే వస్తే ఆలోచిద్దాం."

"అదొచ్చేసరికి నెల పడుతుంది అన్నయ్యా. ఈ నెలంతా పిల్లల్ని అక్కడే పడుకోబెట్టాలా?"

"ఇన్నేళ్ళూ పడుకోలేదా? జలుబు తప్ప ఎవడికేం వచ్చింది?"

"ఇది జలుబులాగా వచ్చేది కాదు."

లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నావైపు చూడకుండా అన్నాడు: "నీకు తెలీదే. ఆ గది ఒకసారి మూతపడితే మళ్ళీ తెరవనివ్వరు. డైరెక్టరు ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. ఆ తల్లులంతా ఏమైపోతారు? పిల్లల్ని నెత్తిన పెట్టుకుని పనికొస్తారా? ఒక్కొక్కరే మానేస్తారు. అప్పుడు నీ నీళ్ళు బాగుపడి ఎవరికి లాభం?"

అబద్ధం చెప్పే మనిషైతే పోట్లాడేదాన్ని. ఆయన చెప్పేదీ నిజమే.

డైరెక్టరుగారు మర్యాదగా మాట్లాడారు. కాఫీ ఇచ్చారు. పైనుంచి తనిఖీ కమిటీ వచ్చి వెళ్ళేదాకా "మన మధ్యే" ఉంచమన్నారు. మా కంపెనీ ఒప్పందం ప్రకారం నేను నివేదిక ఇవ్వవలసింది ఆయనకే. పిల్లల తల్లులకు చెప్పమని ఎక్కడా లేదు, చెప్పవద్దనీ లేదు.

రోజూ ఆ పచ్చ తలుపుల ముందునుంచే షెడ్డుకి వెళ్ళాలి. ఆయా చెయ్యి ఊపుతుంది. అన్నయ్యకు నువ్వు ఏమీ రాయకు. నేను చెప్పానని తెలిస్తే ఇంకా బిగుసుకుంటాడు.

మరదలు


వాతావరణ కేంద్రం
జీపు ఆగి ఉండగా

అమ్మాయ్,

డ్రైవరు హారను కొడుతున్నాడు, పొడుగ్గా రాయలేను.

ఆయనకు రాయను. నువ్వు వద్దన్నావని కాదు. నేను చెబితే చేసినట్టవుతుంది. ఆయన తనంతట తాను చెయ్యాలి.

నేను గాలివాన వస్తుందని కిందికి కబురు పంపితే, రాకపోతే నవ్వుతారు. పడవలవాళ్ళు ఒకరోజు పని పోగొట్టుకుని తిడతారు కూడా. అయినా పంపుతాను. రెండోసారి కొలిచి, చెట్లు పడ్డాక పంపితే దాన్ని హెచ్చరిక అనరు, వార్త అంటారు.

మీ అన్నయ్య మొదటి మాట ఎప్పుడూ "కాదు" అనే. పెళ్ళిచూపుల్లో కూడా అంతే. రెండో మాట దాకా ఆగితే మంచివాడే. నువ్వు ఆగితే ఆగు. ఆయాను మాత్రం ఆగమనకు.

వదిన


సంస్థ అతిథి గృహం
వానలు జోరుగా పడుతుండగా

వదినా,

నీ ఉత్తరం చేరేసరికి జరగవలసింది జరిగిపోయింది. అయినా చదువుకున్నాక ధైర్యం వచ్చింది, ఆలస్యంగా.

ఉండబట్టలేక ఒకరోజు పొద్దున్నే వెళ్ళి ఆయాకి చెప్పేశాను. గుమ్మం బయటికి పిలిచి, కింద ఏముందో, తను ఎందుకు అక్కడ ఉండకూడదో అంతా చెప్పాను. కడుపుమీద చెయ్యి వేసుకుని విన్నది. భయపడుతుందనుకున్నాను.

"అయితే నేను ఇంటికి పోవాలంటారు."

"అవును, ఇవాళే."

"మరి వీళ్ళో?" అంది, లోపలికి చూపిస్తూ.

నేనూ అటే చూశాను.

"కడుపులో ఉన్నదానికి పడని గాలి, చంకలో ఉన్నవాడికి పడుతుందా అమ్మా? నేనొక్కదాన్నీ పోతే వీళ్ళనెవరు ఎత్తుకుంటారు? పోతే అందరం పోతాం." అని లోపలికి వెళ్ళి, చాపలన్నీ బయట వరండాలోకి ఈడ్చింది. అంత వానలో పిల్లలందర్నీ వరండాలోనే కూర్చోబెట్టుకుంది.

నేను అన్నయ్య దగ్గరికి పరిగెత్తాను. "ఆయాకు చెప్పేశాను. నన్ను పంపించెయ్యాలంటే పంపించెయ్" అన్నాను. గొడుగు తీసుకుని నడిచాడు. వరండాలో జల్లుకి తడుస్తూ, ఇదేదో ఆట అనుకుని కేరింతలు కొడుతున్న పిల్లల్ని చూస్తూ అలా నిలబడిపోయాడు. గొడుగు ముడుచుకునే ఉంది. ఒక చంటిది దాని కొన పట్టుకు లాగుతోంది.

"నడవండి" అన్నాడు ఆయాతో. "ఎక్కడికయ్యగారూ?" అంది. "మా ఇంటికి."

నన్ను ముందు పంపించాడు. మీ ఇల్లు ఉత్తరాన రాతిగుట్టమీద ఉంది కదా, కింద బంకమన్నే లేదు. అయినా ఊరుకోలేదు. ఆవిరిని పసిగట్టే చేతిమీటరుతో నేను వంటింటి మూల నుంచి నీ బీరువా వెనక దాకా చూసి, ఏమీ లేదని చెప్పాకే తలుపులు బార్లా తీశాడు.

సాయంత్రం తల్లులు వచ్చేసరికి క్రెష్‌కి తాళం వేసి, మెట్లమీద ఒక్కడే నిలబడ్డాడు. డైరెక్టరుగారి ప్యూను కబురు మీద కబురు తెస్తున్నాడు, వినిపించుకోలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు. పెయింటు విభాగంలో పనిచేసే ఒకావిడ మీదికి వచ్చింది. "మావాడు ఏడాదినుంచీ ఇక్కడే పడుకుంటున్నాడు! మీకెప్పుడు తెలిసింది?"

"నాకు తెలిసి వారం దాటింది. తెలిసిన రోజే చెప్పాల్సింది. చెప్పలేదు" అన్నాడు.

వాన చప్పుడు. తరవాత ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. తిట్టినవాళ్ళూ ఉన్నారు. అన్నీ తలవంచుకుని విన్నాడు. చివరికి ఆ పెయింటావిడే అడిగింది: "రేపెక్కడికి తీసుకురమ్మంటారు?" "మా ఇంటికే. క్రెష్‌కి మంచి చోటు దొరికేదాకా అది మీదే."

ఇప్పుడు ముందుగది, పడకగది, నీ కుట్టుమిషను గది అన్నీ వాళ్ళవే. అన్నయ్య వెనక సామాన్ల గదిలో మంచం వేసుకున్నాడు. నాతో మాత్రం ఇంకా మాట్లాడ్డం లేదు.

మరదలు


వాతావరణ కేంద్రం
మంచు విడిచాక

పిల్లా,

నీ ఉత్తరం చదివి బెలూను వదలడం మరిచిపోయాను. ఆ పూట ఈ దేశానికి పైగాలుల లెక్క లేదు. పైవాళ్ళడిగితే బెలూను చిరిగిందని చెప్పాం.

నా కుట్టుమిషను! సూది తీసేశారా? ముందు అది చూడు. బీరువా కింద అరలో పట్టుచీరలున్నాయి, తాళం వెయ్యి. వెయ్యకపోయినా సరే, పిల్లలు పాకే ఇంట్లో పట్టుచీరల సంగతి ఎవరికి కావాలి.

నేనూ నీ దగ్గర ఒకటి దాచాను. నన్ను ఇక్కడ మరో ఏడాది ఉంచమని ఆఫీసు చెప్పలేదు. నేనే అడిగాను. కిందటేడూ అడిగింది నేనే. మీ అన్నయ్యతో నాకు తగువేమీ లేదు, నువ్వు ఏదో ఊహించుకోకు. ఆ ఇంటి నిశ్శబ్దం నాకు పడలేదు. మాకు పిల్లలు లేరన్నది ఇద్దరికీ తెలిసిందే. దాన్ని గురించి ఒక్కసారైనా గట్టిగా ఏడిస్తే పోయేది. ఇద్దరం మర్యాదగా ఉప్పు అందించుకుంటూ, కుళాయి కారుతోందని చెప్పుకుంటూ బతికాం. ఇక్కడ గాలి హోరు ఉంది. హాయిగా నిద్రపోయాను.

నలుగురిముందూ నిలబడి "చెప్పలేదు" అన్నాడన్నావే. ఆ మనిషి ఎవరో నాకు కొత్త. నాకు ఆయన్ని చూడాలని ఉంది.

ఇవేవీ ఆయనకు చెప్పకు. ఇదే జీపులో నేనే రాస్తున్నాను.

వదిన


సంస్థ ఆవరణ, పంపు షెడ్డు
చలికాలం

వదినా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టుకుంటున్నావేమో, పని అలా ఉంది.

పై కమిటీ వచ్చింది. డైరెక్టరుగారు భయపడినంత కాలేదు, తల్లులంతా ముందే అన్నీ రాసి పంపడంతో దాచడానికేమీ మిగల్లేదు. శుభ్రం చేసే పనికి అనుమతి వచ్చింది. క్రెష్ గచ్చులోంచి గొట్టాలు దించి, కింద గాలిని పీల్చి బొగ్గుడ్రమ్ముల్లోంచి పంపుతున్నాం, సాల్వెంటు బొగ్గుకి అంటుకుపోతుంది. నీళ్ళు తోడి, వడకట్టి వదులుతున్నాం. క్వార్టర్స్ వైపు బోర్లలో చెరకు మడ్డి పోస్తున్నాం. నవ్వకు, అది తిని బలిసే సూక్ష్మజీవులు నేలలోనే ఉన్నాయి, అవి ఆ సాల్వెంటుని విరగ్గొడతాయి. ట్యాంకరు నిండా మడ్డి వచ్చిన రోజు ఆవరణలో చీమలన్నీ హాజరు.

ఒక బోరులో సగానికి తగ్గింది. పక్కదానిలో పెరిగింది. ఇది అంతే, నేల తొందరపడదు. పిల్లలందరికీ వైద్యులు పరీక్షలు చేశారు, ఇప్పటికి ఏమీ లేదు. ఏటా చూస్తూ ఉండాలి. ఆయాకు ఆడపిల్ల పుట్టింది. గుండె పరీక్ష చేసేదాకా నేను ఆసుపత్రి వరండాలో గోళ్ళు కొరుక్కున్నాను. బాగుంది. గొంతు తల్లిదే.

అన్నయ్య నాతో మాట్లాడ్డం ఎప్పుడు మొదలుపెట్టాడో నాకే తెలియలేదు. ఒకరోజు షెడ్డులోకి వచ్చి "ఎంత తగ్గింది?" అన్నాడు. అప్పటినుంచీ రోజూ వస్తాడు. "పూర్తిగా పోవడానికి ఎన్నేళ్ళు?" అని నిన్న అడిగాడు. "నువ్వు రిటైరయ్యాక కూడా ఉంటుంది" అన్నాను. "సరే, నా తరవాత వచ్చేవాడికి గట్టిగా చెప్పి పోవాలి" అన్నాడు.

నీ ఉత్తరం చేతిలో పెట్టుకుని వెనక మెట్లమీద చాలాసేపు కూర్చోవడం చూశాను. ఏం రాశావని అడగలేదు. రెండుమూడు జీపులు వచ్చి పోయినా జవాబు రాసినట్టు లేదు. ఇవాళ మాత్రం సెలవు పెట్టాడు. కొండ కింది ఊరికి బస్సు ఎన్నింటికని నన్నడిగితే, నాకేం తెలుసన్నాను. తెలుసు.

మరదలు


వాతావరణ కేంద్రం
ఎండ కాసిన పొద్దు

అమ్మాయ్,

మీ అన్నయ్య వచ్చాడు. బస్సు దిగి, జీపు దొరక్క సగం కొండ నడిచి ఎక్కాడు. గుమ్మంలో నిలబడి మాట రాక ఆయాసపడుతుంటే, ముందు కూర్చోమన్నాను.

మొదటి రోజంతా నిద్రపోయాడు. రెండో రోజు పరికరాలన్నీ చూసి, వర్షమాపకం కంచెకి మేకు ఊడిందని కొట్టాడు. సాయంత్రం టీ తాగుతూ, "ఆ మెట్లమీద నిలబడి వాళ్ళు తిడుతుంటే, నువ్వు పక్కనుంటే బాగుండుననిపించింది" అన్నాడు. "తిట్టేవాళ్ళలో ఒకదాన్నయ్యేదాన్ని" అన్నాను. నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మేము ఏడవడానికి ఇన్నేళ్ళు పట్టింది చూడు. మా అసిస్టెంటు కంగారుపడి బయటికి వెళ్ళి, పొద్దున చూసిన గాలినే మళ్ళీ చూసి రాసుకున్నాడు.

బదిలీకి అడిగాను. చైత్రానికల్లా వస్తాను. ఆ ఇల్లు పిల్లలకే ఉండనీ, మళ్ళీ వాళ్ళను లేపి పంపడం నావల్ల కాదు. పగలు వెళ్ళి ఆయాకి ఒక చెయ్యి సాయం చేస్తాను. మా ఇద్దరికీ ఆవరణ బయట ఒక చిన్న ఇల్లు చూడు, రెండు గదులు చాలు. గోడలు పలచగా ఉన్నా ఫరవాలేదు, మేము ఇకమీద గట్టిగానే పోట్లాడుకుంటాం.

మీ అన్నయ్య ఇవాళ దిగుతున్నాడు. ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. కవరు అంటించలేదు. దారిలో చదవడు, అలాంటి మనిషి కాదు. చదివితే చదవనీ.

వదిన